అబెట్‌మెంట్‌ను ముద్దాయి తరఫున చదివాక

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతున్న మిత్రులకు అబెట్‌మెంట్, అంటే నేరానికి ప్రేరేపించడం, అన్న ఒక్క చాప్టర్ గురించే రాస్తున్నాను. నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది అదే.

మొదట్లో రాసిన ఒక నమూనా పరీక్షలో ఇలా అడిగారు: సి ని చంపమని బి ని ఎ పురికొల్పాడు, బి ఒప్పుకోలేదు, మరి ఎ చేసిన నేరం ఏమిటి? హత్యే జరగలేదు కదా అనుకుని ‘నేరం లేదు’ అని గుర్తు పెట్టి వచ్చాను. ఇంటికి వచ్చి బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకం) తెరిస్తే, భారతీయ న్యాయ సంహిత 46వ సెక్షన్ కింద అదే ఉదాహరణగా అచ్చయి ఉంది. ఎ హత్యకు ప్రేరేపించిన నేరస్థుడే. ఆ సెక్షన్ పాత ఐపీసీలో (భారత శిక్షాస్మృతి) 108 అని కూడా నాకు కంఠస్థం. కింద ఉన్న ఉదాహరణను మాత్రం ఏనాడూ చదవలేదు.

ఆ రాత్రే పద్ధతి మార్చాను. ప్రతి ఉదాహరణ కింద, ముద్దాయి తరఫు లాయరునైతే ఏం వాదిస్తానో నాలుగు వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టాను. సగం వాదనలు నిలవవు. ఎందుకు నిలవవో వెతుక్కున్నప్పుడే సెక్షన్ ఒంటబడుతుంది. ‘చెప్పాను, కానీ వాడు చేయలేదు’ అన్న వాదన 55వ సెక్షన్ దగ్గర ఆగిపోతుంది. మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరానికి పురికొల్పితే, ఆ నేరం జరగకపోయినా ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ ప్రేరేపణ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే 14 ఏళ్ల వరకు.

నిలిచే వాదన ఉద్దేశం మీద. పురికొల్పడం, కుట్రలో చేరడం, తెలిసి సాయపడటం అని 45వ సెక్షన్ చెప్పిన మూడు దారుల్లో మొదటిదానికి రమేశ్ కుమార్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ (2001) తీర్పు తప్పక చదవండి. కోపంలోనో ఆవేశంలోనో, పర్యవసానం కోరకుండా అన్న మాట ప్రేరేపణ కాదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. మరుసటి ఏడాది వచ్చిన సంజయ్ సింగ్ సెంగర్ కేసు నన్ను ఇప్పటికీ వదలదు. గొడవలో సెంగర్ ‘పోయి చావు’ అన్నాడన్నది ఆరోపణ. గొడవ 1998 జూలై 25న, ఆత్మహత్య 27న. ఆ రెండు రోజుల ఎడమే డిఫెన్స్‌కు ప్రాణం పోసింది. మాటకూ మరణానికీ నేరుగా ముడి లేదని కోర్టు కేసు కొట్టేసింది. ఆత్మహత్య ప్రేరేపణ ప్రశ్న (ఇప్పుడు సెక్షన్ 108) ఎదురైతే ముందు తేదీలు చూడండి, అన్న మాట ఎలాంటి సందర్భంలోదో తర్వాత చూడండి. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య ఆత్మహత్య చేసుకుంటే భారతీయ సాక్ష్య అధినియం 117వ సెక్షన్ కింద భర్తో అతని బంధువులో ప్రేరేపించారని భావించడం కోర్టు విచక్షణ మాత్రమే. దానికైనా ముందు క్రూరత్వం రుజువు కావాలి. మెయిన్స్ జవాబులో ఈ వాక్యం లేకపోతే ఆ జవాబు సగమే.

చెప్పింది ఒకటి, జరిగింది మరొకటి అయినప్పటి సంగతి చెప్పే 51వ సెక్షన్‌లోనూ డిఫెన్స్‌కు చోటుంది. ఇల్లు తగలబెట్టమని పురికొల్పితే, చెప్పించుకున్నవాడు నిప్పు పెట్టి అక్కడి సొత్తు కూడా దొంగిలించాడు. దొంగతనం ఆ పురికొల్పు నుంచి సహజంగా వచ్చే ఫలితం కాదు కాబట్టి, అది చెప్పినవాడి మీదికి రాదు.

న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. అందుకే ప్రశ్నలో తేదీ ఉంటే దాని కింద గీత గీసి, ఆ తర్వాతే సెక్షన్ నంబరు రాస్తున్నాను.

నా నోటుబుక్కులో చివరి పేజీలో ఉన్న సమస్య ఇది: ఆరేళ్ల పిల్లవాడితో పక్కింటి గడ్డివాముకు నిప్పు పెట్టించాడొకడు. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరం కాదనే 20వ సెక్షన్ రక్షణ పిల్లవాడికి ఉంది కాబట్టి తనకూ ఉందంటాడు. వాడి తరఫున నాలుగు వాక్యాలు రాసి, 46వ సెక్షన్ మూడో వివరణ పక్కన పెట్టి చూడండి.