చిలుక ఈక మీద ఒక సాయంత్రం
మా పెరటి జామచెట్టు కింద దొరికిన రామచిలుక రెక్క ఈకను ఈ సాయంత్రం మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, పోగుల మధ్య సందుల్లో వరుసగా ఒదిగిన ఈక నల్లులు కనిపించాయి. అర మిల్లీమీటరైనా ఉండని ఈ ఎనిమిది కాళ్ళ జీవులు, సాలెపురుగులకు దూరపు బంధువులు, రక్తం జోలికి పోకుండా ఈకకు అంటిన నూనెనూ బూజునూ తిని బతుకుతాయి.

వెంటనే అమెరికాలో అంతరించిపోయిన కరొలైనా చిలుక గుర్తొచ్చి మనసు బరువెక్కింది. బోనులో మిగిలిన చివరి పక్షి 1918లో సిన్సినాటి జూలో చనిపోగా, మ్యూజియంలో దాచిన ఆ జాతి చిలుకల ఈకల్లో దొరికిన ఆరు కొత్త నల్లి జాతులను, ఒంటి మీది నూగునూ మగవాటి వెనుక భాగపు ఆకారాన్నీ ఓపికగా పోల్చి, 2005లో వర్ణించారు. పేర్లు దక్కేనాటికి వాటిని మోసిన పక్షి లేదు.

నా ఈకను కవరులో పెట్టి, తేదీ, చోటు రాసి దాచాను.