నెట్ సెంటర్లో ఎర్ర పేజీ

కందుకూరులో పామూరు రోడ్డు మీద నాకు ఎనిమిది సిస్టమ్స్ ఉన్న నెట్ సెంటర్ ఉండేది. ఊరు అప్పటికి ప్రకాశం జిల్లాలోనే ఉంది, నెల్లూరులో కలిపింది 2022లో. సైబర్ కేఫ్‌లకి కేంద్రం రూల్స్ తెచ్చింది 2011 ఏప్రిల్లో అయితే, నాకు తెలిసింది 2012 జనవరిలో. స్టేషన్ నుంచి హెడ్డుగారు వచ్చి, రెండు జిరాక్స్ కాగితాలు కౌంటర్ మీద పెట్టి, "నెలాఖరుకల్లా ఇవన్నీ పెట్టుకో అబ్బయ్యా, మళ్లీ నన్ను తిప్పబాక" అని టీ తాగి వెళ్లాడు.

వచ్చినవాళ్ల ఐడీ కార్డు చూడాలి. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, ఏ సిస్టం, ఎన్నింటికి కూర్చున్నారు, ఎన్నింటికి లేచారు, అన్నీ రిజిస్టర్లో రాయాలి. ఆ నెల రిపోర్టు తర్వాతి నెల 5వ తేదీలోపు అధికారులకి పంపాలి. ఏ సిస్టంలో ఏ సైట్లు తెరిచారో ఆ లాగ్‌లు కనీసం ఏడాది దాచాలి. బూతు సైట్లు చూడరాదని బోర్డు పెట్టాలి. క్యాబిన్లుంటే అడ్డు పలక నాలుగున్నర అడుగులు దాటకూడదు, క్యాబిన్ లేని సిస్టమ్స్ స్క్రీన్లు హాలు వైపు తిరిగి ఉండాలి. చివర్లో ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ సంగతి. రూల్లో అది 'పెట్టుకోవచ్చు' అనే ఉంది. నా బుర్రలో 'పెట్టి తీరాలి' అయింది. ఆ ఒక్క మాట నిదానంగా చదువుకుని ఉంటే ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

బోర్డు, రిజిస్టర్ ఒక పూట పని. క్యాబిన్లు పీకేసి ఎనిమిది స్క్రీన్లూ హాలు వైపు తిప్పేశా. ఫిల్టర్ దగ్గరే ఇరుక్కున్నా.

ఫ్రీగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ వేశాను. అది పని చేసే తీరు మరీ మొరటు. దానికొక మాటల జాబితా ఇస్తాం. సైటు అడ్రసులోగానీ పేజీలోగానీ ఆ మాట కనపడిందా, పేజీ ఆపేసి స్క్రీనంతా ఎర్రగా చేసి, మధ్యలో పెద్ద అక్షరాలతో 'బ్లాక్‌డ్: పోర్నోగ్రఫీ' అని చూపిస్తుంది. జాబితా కూడా నెట్లోనే రెడీమేడ్‌గా దొరికింది, వందల మాటలు. చదవకుండా అట్టానే పోసేశా. చదవడానికి సిగ్గు కూడా.

మొదట దొరికిపోయింది పొగాకు రైతులు. మా పక్క పండేది వర్జీనియా పొగాకు, కందుకూరులో వేలం కేంద్రం ఉంది. వేలం మొదలయ్యాక, మార్చిలో, ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని ధర చూసుకోవడానికి వచ్చాడు. ఆ అబ్బాయి 'వర్జీనియా' అని కొట్టగానే ఎర్ర పేజీ. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఎర్ర పేజీ. పెద్దాయన కొడుకు వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. జాబితా తీసి చూస్తే అందులో 'వర్జిన్' అని ఒక మాట. వర్జీనియాలో మొదటి ముక్క అదే మరి! పొగాకు పండే ఊళ్లో పొగాకు బూతైపోయింది. ఆ మాట పీకేసి, టీ తెప్పించి పంపించా.

తర్వాత అప్లికేషన్లు. ఏ ఉద్యోగం ఫారంలోనైనా 'సెక్స్: మేల్, ఫిమేల్' అని ఒక గడి ఉంటుంది. ఫారం సగం నింపాక తర్వాతి పేజీకి పోతే ఎర్రగా అయిపోయేది. ఆఖరి తేదీ రోజు అట్టా అయితే పిల్లలు ఊరుకుంటారా! ఆ సైట్లన్నీ ఒక్కొక్కటే మినహాయింపుల్లో చేర్చుకుంటూ పోయా. ఇంకో పక్క, తెలుగు లిపిలో రాసిన బూతు కథలు మాత్రం ధారాళంగా తెరుచుకునేవి. దానికి తెలుగు రాదు. ఆ సంగతి నాకంటే ముందు మా కస్టమర్లు కనిపెట్టారు.

మరో గొడవ, నేను బ్లాక్ చెయ్యనివి కూడా నా మీదే పడేవి. ఆ మే నెలలో మద్రాసు హైకోర్టు సినిమా పైరసీ మీద ఇచ్చిన ఆర్డరుతో వీమియో లాంటి వీడియో సైట్లు కొన్ని నెట్ కంపెనీల్లో ఆగిపోయాయి. "అన్నా, నువ్వే ఆపినావు, తీసెయ్యన్నా" అని ఒకడు నాతో అరగంట కొట్లాడాడు. కోర్టు ఆపింది, కంపెనీ ఆపింది, ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ కింద ఆపించింది, నేను ఆపింది, ఇవన్నీ కుర్చీలో కూర్చున్నవాడికి ఒకటే. పేజీ రాలేదు, అంతే.

ఇక్కడిదాకా నవ్వుకునే విషయాలే.

ఎంసెట్ హాల్‌టికెట్ల రద్దీ రోజులు. నలుగురైదుగురు కుర్రాళ్లు ప్రింటవుట్ కోసం నిలబడి ఉన్నారు. ఒకామె, నలభై ఏళ్లుంటాయి, చేతిలో ఒంగోలు ఆసుపత్రి కవరు, పక్కన ఇంటర్ చదివే కూతురు. అమ్మాయి కాలేజీ కార్డు చూపించి రిజిస్టర్లో రాసింది. పెద్దవాళ్లు తోడున్నారు కాబట్టి ఇబ్బంది లేదనుకుని మూడో నంబరు ఇచ్చా. మూడో నంబరు స్క్రీన్ సరిగ్గా కౌంటర్‌కి ఎదురుగా ఉంటుంది.

రెండు నిమిషాలకి స్క్రీన్ ఎర్రబడింది. కుర్రాళ్లలో ఒకడు చూసి పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. ఇంకోసారి ఎర్రబడింది. ఈసారి కిసుక్కుమని నవ్వు. "ఏందమ్మా అది, ఎర్రగా?" అని తల్లి అడుగుతోంది. అమ్మాయి తలెత్తలేదు. నేనేం చేశానంటే, కౌంటర్ వెనక నుంచే గొంతు పెంచి, "అమ్మాయ్, అట్టాంటివి ఇక్కడ రావు" అన్నా.

అన్నది నేనే. ఇన్నేళ్లకీ ఆ వాక్యం నా నోట్లోంచి వచ్చిన తీరు వినపడుతూ ఉంటుంది.

మరో ఐదారు నిమిషాలకి లేచారు. "ఎంత బాబూ?" అంది తల్లి. పది రూపాయలు తీసుకున్నా. మిగతా కుర్రాళ్లకి హాల్‌టికెట్లు కొట్టిచ్చా. మర్చిపోయా.

జూన్ 4 రాత్రి, మర్నాటికి రిపోర్టు పంపాలని రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా. లాగ్‌లు కూడా సీడీకి ఎక్కించాలి, సిస్టం నంబర్లు, టైములు సరిపోతున్నాయో లేదో చూసుకుంటున్నా. మూడో నంబరు, ఆ రోజు. మొదటి వెతుకులాట 'రొమ్ములో గడ్డ' అని, ఇంగ్లీషులో. ఆగింది. రెండోది, 'రొమ్ములో గడ్డ, నొప్పి లేదు'. ఆగింది. అప్పుడా పిల్లకి ఏది అడ్డమో అర్థమైనట్టుంది, ఆ మాట తీసేసి 'ఎఫ్.ఎన్.ఏ.సి. టెస్ట్ అంటే ఏమిటి' అని కొట్టింది. గడ్డలోంచి సూదితో తీసి చూసే పరీక్ష అది. కవరులో కాగితం మీద డాక్టరు రాసింది చూసి కొట్టి ఉంటుంది. వెతుకులాట వచ్చింది, పేజీ తెరిచేసరికి అందులో మళ్లీ ఆ మాటే ఉంది కదా, ఎర్రబడింది. మొత్తం పదకొండు నిమిషాలు.

రిజిస్టర్లో ఫోన్ నంబరు ఉంది. సెల్ తీసి నంబరు సగం నొక్కా కూడా. చేసి ఏం చెప్పాలి? 'మీరు ఏం వెతికారో నేను చదివానండీ' అనా? ఆ రోజు హాల్లో పడ్డ సిగ్గు చాలక, ఇంటికి కూడా పంపినట్టవుతుంది. పెట్టేశా.

ఆ రాత్రే ఆ సాఫ్ట్‌వేర్ ఎనిమిది సిస్టమ్స్‌లోంచీ పీకేశా. పూర్తిగా వదిలేసే ధైర్యం లేదు, హెడ్డుగారు మళ్లీ వస్తాడు. ఒంగోలులో హార్డ్‌వేర్ షాపు నడిపే స్నేహితుడు ఓపెన్ డీఎన్ఎస్ అనే నెట్ సర్వీసు సంగతి చెప్పాడు. ఇది పేజీలో మాటల జోలికి పోదు. సైటు పేరు అడిగినప్పుడే అది ఏ రకం సైటో తన జాబితాలో చూసి, బూతు సైటైతే దారి చూపించదు. ఎకౌంట్ పెట్టుకునే పద్ధతిలో ఒక చిక్కుంది. కరెంటు పోయి మోడెం ఆగి మళ్లీ లేచినప్పుడల్లా మన ఐపీ నంబరు, అంటే నెట్లో మన కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు, మారుతుంది, మారితే అది మనల్ని గుర్తుపట్టదు. 2012లో మా ఊళ్లో కరెంటు కోతలు ఎట్టా ఉండేవో చెప్పక్కర్లేదు. అందుకని ఎకౌంట్ అక్కర్లేని వాళ్ల ఫ్యామిలీ షీల్డ్ పెట్టుకున్నా. మోడెంలో 208.67.222.123 అని కొడితే సరి, డబ్బు కట్టేది లేదు. కుర్రాళ్లు సిస్టంలో ఆ నంబరు మార్చి గూగుల్‌ది 8.8.8.8 పెట్టడం మొదలెట్టారు. అందరికీ సెట్టింగులు మార్చే వీల్లేని, అడ్మిన్ కాని ఎకౌంట్ ఇచ్చేసరికి అదీ ఆగింది.

ఇది తప్పులు చెయ్యదని కాదు. కానీ రొమ్ము, గర్భం, నెలసరి లాంటి మాటలున్న ఆరోగ్యం సైట్లు నేను కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూశా, అన్నీ వచ్చాయి.

వడ్రంగి మామని పిలిచి గోడ మూలనున్న ఎనిమిదో నంబరుకి క్యాబిన్ కట్టించా. రూల్లో ఉన్న నాలుగున్నర అడుగులే. మామ టేపు పెట్టి యాభై నాలుగు అంగుళాల దగ్గర పెన్సిల్ గీత గీసి, "ఇంకో అడుగు లేపితే బాగుంటది, తల కనపడతా ఉంది గదా" అన్నాడు. తల కనపడనీలే మామా, స్క్రీన్ కనపడకపోతే చాలన్నా. దాని స్క్రీన్ గోడ వైపే. ఆసుపత్రి కవరుతో ఎవరొచ్చినా అడక్కుండానే ఎనిమిదో నంబరు ఇచ్చేవాణ్ణి. ఖాళీ లేకపోతే కూర్చోబెట్టి మరీ.

తల్లీకూతుళ్లు మళ్లీ రాలేదు. వచ్చుంటే మాత్రం నేనేం చెప్పేవాణ్ణో!

2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెట్ కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయారు, సెంటర్ మూసేశా. అంతకుముందే, 2013 జూన్‌లో, ఏడాది దాటిన లాగ్‌లు తీసెయ్యొచ్చు కాబట్టి ఆ మే నెల ఫోల్డర్ డిలీట్ చేసి, సీడీ విరిచేశా. రిజిస్టర్ తెరిస్తే ఆ పిల్ల గుండ్రటి అక్షరాలు, పేరు కింద 'తోడు: మా అమ్మ' అని. ఆ కాగితం చింపి పొయ్యిలో పడేశా. దాని మీద ఇంకో పదకొండు మంది పేర్లున్నాయి, వాళ్లవీ పోయాయి.