స్ట్రోక్ తర్వాత మావయ్యగారికి స్పీచ్ థెరపీ: మా అనుభవం

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మావయ్యగారు రైస్ మిల్లులో లెక్కలు రాసేవారు, ఊళ్లో ఎవరింట పెళ్లైనా సరుకుల లిస్టంతా కాగితం లేకుండా గడగడా చెప్పేసేవారు. అలాంటి మనిషికి స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, నోట్లోంచి "అదే... అదే" తప్ప ఇంకో ముక్క రాలేదు. మనం అన్నది చాలావరకు అర్థమవుతోంది, ఆయన అనాలనుకున్నదే బయటకు రావట్లేదు.

ఆసుపత్రివాళ్లు (పేరెందుకులెండి) డిశ్చార్జ్ చీటీలో బీపీ మాత్రలు రాశారు, ఫిజియోథెరపీ రాశారు, మాట గురించి ఒక్క లైను రాయలేదు. అడిగితే "మెల్లగా అదే వస్తుంది" అన్నారు. చుట్టాలేమో నాలుక మందమైంది, వస అరగదీసి నాకించమన్నారు. నాలుకకేమీ కాలేదండీ. దీన్ని అఫేజియా అంటారు, దెబ్బ తగిలింది మెదడులో ఎడమవైపు మాటను కూర్చే భాగానికి. 1861లోనే బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు ఆ చోటు గురించి చెప్పాడట. మొదటి కొన్ని నెలల్లోనే మెరుగు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి అదే వస్తుందిలే అని కూర్చోకూడదు.

గుణుపురం-పూరీ రైలెక్కి బరంపురం వెళ్లాం. థెరపిస్టు దగ్గరికి వెళ్లేముందు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో (ఇలాంటి థెరపిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి, నంబరు అడిగితే తప్పేం లేదు, 1992 చట్టం ప్రకారం అది ఉండాల్సిందే. మాట నేర్పిస్తారని వెళ్తే థెరపిస్టు ఆవిడ ముందు మింగడం చూశారు. చెంచాడు నీళ్లిచ్చి గొంతు మీద వేలు పెట్టి చూశారు, మావయ్యగారికి పొలమారింది. పల్చటివి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందట. కొన్నాళ్లు చిక్కటివే, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి పట్టమన్నారు. మా ఇంట్లో చోడి (రాగి) అంబలి ఉండనే ఉంది, ఆవిడ చెప్పినంత చిక్కగా కాస్తే సరిపోయింది. ఇది మాత్రం మమ్మల్ని చూసి ఎవరూ సొంతంగా చెయ్యకండి, ఎంత చిక్కదనం అన్నది మనిషిని బట్టి వాళ్లే చెప్పాలి.

తర్వాత లెక్కపెట్టమన్నారు. "ఎక, దుయి" అని ఆవిడ అందుకోగానే మావయ్యగారు "తిని, చారి, పాంచ" అంటూ పది దాకా ఒడియాలో ఆగకుండా వెళ్లిపోయారు! అత్తయ్య దేవుడికి దణ్ణం పెట్టేసుకున్నారు. కానీ ఆవిడ నాలుగు వేళ్లు చూపించి ఎన్ని అంటే మళ్లీ "అదే" నే. అంకెలు, వారాల పేర్లు, భజనలు, కోపంలో వచ్చే తిట్లు ఇవన్నీ అలవాటు కొద్దీ దొర్లేవట, కావాలని ఒక మాట ఏరుకుని అనడం వేరట. అత్తయ్య ముఖం వాడిపోయింది గానీ ఆవిడ మాత్రం ఇది మంచిదే, దీన్ని పట్టుకునే లాగుదాం అన్నారు.

నాకున్న పెద్ద టెన్షన్ భాష. ఆవిడది ఒడియా, తెలుగు అంతంతమాత్రం. ఒక భాష మానెయ్యాలా అని అడిగాను. ఏదీ మానక్కర్లేదు, రోజంతా ఆయన ఎవరితో మాట్లాడాలో ఆ భాషే ముందు అన్నారు. పద్ధతి ఆవిడ చెప్పారు, మాటలు మేం ఏరుకున్నాం: నీళ్లు, పడక, కళ్లజోడు, మనవడి పేరు, అత్తయ్య పేరు (ఇదొకటే ఆయన సిగ్గుపడుతూ అన్నది). పుస్తకంలోని ఏనుగు, విమానం బొమ్మలు పక్కన పెట్టేసి మా వంటింటి వస్తువులకే ఫోన్లో ఫొటోలు తీశాను.

రోజూ చేసేది ఇంతే. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని గ్లాసు చూపించి ఆగాలి. రాకపోతే "దాహమేస్తే తాగేవి..." అనాలి. అప్పటికీ రాకపోతే "నీ..." అని అందించాలి. ఆ ఆగడం ఉంది చూశారూ, అదే కష్టం. ఆయన పెదాలు కదుపుతుంటే అత్తయ్య ఉండబట్టలేక "నీళ్లు కదండీ!" అనేసేవారు. చివరికి అత్తయ్యకి చేతిలో చిక్కుడుకాయలు పెట్టి, అవి ఒలిచేదాకా నోరెత్తకూడదని షరతు పెట్టాను. ఇంకోటి, "నీళ్లు కావాలి" అన్నదాన్ని రాగం తీస్తూ ఎడమ చేత్తో మంచం కోడు మీద దరువు వేయించడం. 1973 నుంచీ ఉన్న పద్ధతట, అందరికీ పనిచేయదు, మాకు మాత్రం రెండేసి, మూడేసి మాటలు మొదట ఇలాగే వచ్చాయి. ప్రతిసారీ బరంపురం వెళ్లే ఓపిక లేక తర్వాత వీడియో కాల్‌లో కానిచ్చాం.

ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు అంటున్నారు, విభక్తులు ఎగిరిపోతాయి: "మిల్లు... వెళ్లి... డబ్బు... అడుగు" అన్నట్టుగా. పేర్లు తారుమారవుతాయి. ఫోన్లో అంకెలు చెప్పడం ఇంకా రాదు, బ్యాంకు ఓటీపీ నేనే చదువుతాను, దానికి నా మీద అనుమానం కూడా పడుతుంటారు!

వికలాంగుల సర్టిఫికెట్ సంగతి చాలామందికి తెలీదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో మాట, భాషా వైకల్యం ఒకటి, అఫేజియా పేరు అందులోనే ఉంది. లోపం శాశ్వతమని తేలాకే ఇస్తారు కాబట్టి సీటీ స్కాన్ రిపోర్టు, డిశ్చార్జ్ చీటీ, థెరపిస్టు రాసిన కాగితాలు ఒక్కటీ పారేయకండి.