అటక మీది కురిడీలు

భోగి ముందురోజు తెల్లారగట్ల రాజమండ్రిలో రైలు దిగి కారు మాట్లాడుకున్నాం. జొన్నాడ దగ్గర గోదారి దాటి, రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య ఓ కాఫీ తాగి, కొత్తపేట మీదుగా అంబాజీపేట. ఊరు చిన్నదే, కొబ్బరి బేరాల్లో మాత్రం పెద్ద పేరు. బేరం జరిగే చోటు తప్పిస్తే మిగతా ఊరంతా మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. తోటలోంచి పావుగంట నడిస్తే మా తాతగారి ఇల్లు.

మండువా లోగిలి. నాలుగువైపుల పెంకుల కప్పూ లోపలికి వాలి, నడిమధ్యన ఆకాశం. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకే. అక్కణ్ణుంచి తూములోంచి బయటి కొబ్బరి పాదుల్లోకి. "ఇంట్లోకి వాన రానివ్వడమేంటి నాన్నా, పైన రేకు వేసెయ్యొచ్చుగా?" అన్నాడు మావాడు. మా బాబాయిలు పదేళ్ళుగా అంటున్నదీ అదే. దొడ్డమ్మ ఒప్పుకోదు. గాలి పోతుందంటుంది. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది ఆవిడొక్కతే కాబట్టి మాకు మాట్లాడే హక్కు లేదనుకోండి.

వస్తూనే, "అబ్బ, ఇల్లెంత చల్లగా ఉందో దొడ్డమ్మా!" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నాలుగ్రోజులుండేవాళ్ళకి చల్లగానే ఉంటుందిరా. తూములో ఆకులెవరు తీస్తారూ?"

చొక్కా విప్పి బోర్లా పడుకుని మోచేతిదాకా చెయ్యి పెట్టాను. కుళ్ళిన మామిడాకులు, కొబ్బరి పీచు, ఓ కప్ప, చివర్న మేకు తుప్పుపట్టిన బొంగరం. అది నాదా, మా పెదనాన్నగారి అబ్బాయిదా అని రాత్రి భోజనాల దగ్గర పెద్ద తగువే అయింది.

మర్నాడు నిచ్చెన వేసి నన్ను అటకెక్కించింది. పైన కొబ్బరికాయలు, పీచుతోనే, గుట్టగా. నెలల తరబడి అలా కదపకుండా ఉంచితే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడిపోతుంది. అదే కురిడీ. మార్కెట్లో వెయ్యి కాయల లెక్కన ధర కడతారు. మేలురకాన్ని గండేరా అంటారు, దాని తర్వాతది గటగట. ఆ రెండో పేరు ఎవరు పెట్టారో గానీ, కాయ ఊపితే వినపడేది సరిగ్గా అదే.

ఒక్కో కాయా చెవి దగ్గర ఊపి కిందికి అందిస్తున్నాను. దొడ్డమ్మ తనూ ఒకసారి ఊపి, సగం వెనక్కి పంపేస్తోంది.

"ఇంకా నీళ్ళున్నాయిరా దీంట్లో. వినపడట్లా?"

నాకు అన్నీ ఒక్కలాగే వినపడ్డాయి.

"నీ చెవికి అందదులే. మీ నాన్నకీ అందలేదు" అంది. కాయలు కొనడానికొచ్చినాయన అరుగు మీంచి, "ఆయ్, అమ్మగారి చెవి తప్పదండి" అని వత్తాసు.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద, అంటే రంగుబట్టలు చుట్టిన ఎత్తైన వెదురు కట్టడాల మీద, వచ్చి అక్కడ కొలువుతీరతారు. 2023లో రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ దాకా వెళ్ళింది ఈ తీర్థమే. గంగలకుర్రువాళ్ళు ప్రభని మోసుకుంటూ కౌశిక కాలువలో దిగినప్పుడు, నీళ్ళు పీకల్లోతుకొచ్చినా "అశ్శరభ శరభ" ఆగలేదు. మావాడు నా భుజాలెక్కి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. దొడ్డమ్మ రాలేదు. ఇంటినిండా జనం, ఎంగిలి విస్తళ్ళెవరు తీస్తారంది. ఆ మాటకీ మా దగ్గర జవాబు లేదు.

బయల్దేరేముందు నాలుగు కురిడీలు పీచు ఒలిపించి సంచిలో వేసింది. "నువ్వే ఏరుకో" అంది నవ్వుతూ. శ్రద్ధగా ఊపి ఊపి ఏరాను.

రాత్రి రైల్లో అందరూ పడుకున్నాక, పైబెర్తు మీంచి మావాడు బొంగురు గొంతుతో గుసగుసగా, "నాన్నా, ఈ రెండిట్లో నీళ్ళున్నాయి" అన్నాడు.