కల్పిత లోకానికి లిపి పుట్టించాలంటే

కథల లోకానికి లిపి కట్టేటోళ్లు ముందే అక్షరాలు గీయకుండ్రి. ఆ జనం దేని మీద రాస్తరో తేల్చుకోండ్రి. తాటాకు నార పొడుగునా గంటంతో, అంటే రాసే ఇనుప మొనతో, తిన్నని గీత లాగితే ఆకు చీలుతది, అందుకే అక్కడ వంపులు. కర్ర మీద కత్తితో చెక్కితే కథ తిరగబడ్తది: వంపు తిరగదు, నార వెంబడి గీత కనపడదు, అడ్డంగ కోసే గీతలు, ఏటవాలు గీతలే మిగుల్తయి.

హనుమకొండ వేయిస్తంభాల గుడిల కాకతీయ రాజు రుద్రదేవుని 1163 నాటి శాసనం చూడుండ్రి. రాయికి గుండ్రదనం అవసరం లేదు, అయినా అక్షరాలు గుండ్రమే. ఆకు మీది అలవాటు ఉలికి ఎక్కిందనే నా లెక్క. మీ లిపిల గూడ అట్లాంటి పాత పనిముట్టు జాడ ఒకటి ఉంచుండ్రి.

ఇగ అక్షరానికో కొత్త బొమ్మ గీస్తే ఎవ్వలికీ గుర్తుండదు. ఐదారు మూలరూపాలు, వాటికి తోకలు, చుక్కలు. కాని తేడా మరీ చిన్నగుంటే తొందరరాతల ప, ష, వ లెక్క కలిసిపోతయి.