మూత పోయిన టీపాట్

సంచికకి ఏదైనా రాయమని మన బడి పూర్వవిద్యార్థుల సంఘం కార్యదర్శి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. లెక్కల మాస్టారి బెత్తం గురించీ, ఇంటర్వెల్లో ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కల గురించీ మీరెలాగూ రాస్తారు. నేను బజారు సంగతి రాస్తాను. అదీ ఏమీ కొనని బజారు సంగతి.

మద్రాసు టీ.నగర్లో మనతో చదివినవాళ్ళలో సగం మందివి సినిమా అన్నం తిన్న ఇళ్ళే. స్టార్ల పిల్లలు కారు లెండి, వాళ్ళు వేరే బళ్ళకి కార్లలో వెళ్ళేవారు. మనవాళ్ళంటే లైట్‌బాయ్ కొడుకు, కాస్ట్యూములు కుట్టే దర్జీ కూతురు, ప్రొడక్షన్ వ్యాన్ డ్రైవరు కొడుకు. మా నాన్న ఆర్ట్ డిపార్ట్‌మెంటులో అసిస్టెంటు. తెర మీద ఆయన పేరు ఎన్నడూ పడలేదు. సెట్టులో బల్ల మీద ఏముండాలి, గోడకి ఏం తగిలించాలి, హీరోయిన్ ఏ గ్లాసు విసిరికొట్టాలి, అది పగిలితే రెండో టేకుకి ఇంకోటి ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇవన్నీ ఆయన తలనొప్పులు.

1974లో, నేను తొమ్మిదిలో ఉండగా, ఒక జమీందారు ఇంటి సెట్టు వేస్తున్నారు. టీ తాగుతూ మాట్లాడుకునే సీను. "దొరల బంగళాలో ఉన్నట్టుండాలి" అన్నాడట దర్శకుడు. "యాభై రూపాయలు దాటకూడదు" అన్నాడట ప్రొడక్షన్ మేనేజరు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కుని బతకడమే ఆర్ట్ డిపార్ట్‌మెంటు. దానికి నాన్న కనిపెట్టిన ఉపాయం ఒకటే. దొరల సామాను ఎలా ఉంటుందో మౌంట్‌రోడ్డులోని పెద్ద కొట్టు స్పెన్సర్‌లో చూడటం, అలాంటిదే పాత సామాను దొరికే మూర్ మార్కెట్లో కొనడం.

ఆ శనివారం నన్నూ, నా బెంచీ స్నేహితుణ్ణీ వెంట తీసుకెళ్ళాడు. వాడు ఇప్పుడు పెద్ద ఇంజనీరు, పేరు రాయొద్దన్నాడు. వాణ్ణి ఎందుకంటే, మన క్లాసులో బొమ్మలు బాగా వేసేది వాడే కాబట్టి. ఇద్దరం స్కూలు యూనిఫారంలోనే వెళ్ళాం. ఇస్త్రీ చేసినవి అవొక్కటే ఉండేవి. పానగల్ పార్కు దగ్గర పదకొండో నంబరు బస్సెక్కి మౌంట్‌రోడ్డులో దిగాం. దిగగానే నాన్న జేబులోంచి దువ్వెన తీసి మా ఇద్దరికీ అక్కడే రోడ్డు మీద తల దువ్వాడు.

స్పెన్సర్ చరిత్ర మాకప్పుడు తెలియదు. తర్వాత చదువుకున్నదే. 1863-64 ప్రాంతంలో చిన్న కొట్టుగా మొదలై, ఓక్‌షాట్ అనే దొర చేతిలో పెరిగి, 1895లో పాగ్సన్ అనే ఆర్కిటెక్టు గీసిన ప్లానుతో ఆ ఎర్రటి మహాభవనంలోకి మారింది. ఎనభైకి పైగా విభాగాలుండేవట. సోడాలు తామే తయారుచేసేవాళ్ళు, చుట్టలు తామే అమ్మేవాళ్ళు, పక్కనున్న కన్నెమరా హోటలూ వాళ్ళదే. మేము వెళ్ళేనాటికి దొరలు పోయి పాతికేళ్ళు దాటింది. భయం మాత్రం ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

లోపల మొదట తెలిసింది ఎత్తు. అంత ఎత్తు కప్పు కింద మనిషి గొంతు దానంతటదే తగ్గిపోతుంది. తర్వాత వాసన. కాఫీపొడి, తోలు, సబ్బు, చుట్ట, అన్నీ కలిసిన ఒకే వాసన. గాజు బీరువాల్లో ప్రతి వస్తువుకీ చిన్న చీటీ, చీటీ మీద ధర. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ చీటీయే. మన టీ.నగర్ పాండీబజారులో ధర అంటే మాటలు మొదలుపెట్టడానికి ఒక వంక. ఇక్కడ ధర అంటే మాటలు అయిపోయినట్టు. కావాలంటే కొను, లేకపోతే పో.

(అదే రోడ్డులో వైట్‌వే లెయిడ్‌లా అని ఇంకో దొరల కొట్టు ఉండేదట. అరువు ఇచ్చేవాళ్ళు కాదు. అందుకని దొరలే దానికి 'రైట్ అవే అండ్ పెయిడ్ ఫర్', అంటే అప్పటికప్పుడే డబ్బు కట్టెయ్యడం, అని పేరు పెట్టారట. ఈ మాట చెప్పినప్పుడల్లా నాన్న ఒక్కడే నవ్వేవాడు.)

టై కట్టుకున్న గుమాస్తా ఒకాయన దగ్గరికి వచ్చి "యెస్ ప్లీజ్" అన్నాడు. నాన్న బస్సులో వల్లెవేసుకుంటూ వచ్చిన "జస్ట్ లుకింగ్ సార్" అప్పగించాడు. ఆయన ఏమీ అనలేదు, అక్కణ్ణుంచి కదలనూ లేదు. ఇంక కాగితం, పెన్సిలు తియ్యడానికి వీల్లేదు. అందుకే నాన్న ముందే పనులు పంచాడు. కప్పుల ఎత్తు, టీపాట్ పొట్ట వెడల్పు ఆయన చూస్తాడు. గాజు మీద చెయ్యి ఆనించినట్టే ఆనించి జానలూ బెత్తెలూ లెక్కపెట్టేవాడు. పిడి వంపు నాది. దాని మీది నీలంపువ్వు నా స్నేహితుడిది. ఎన్ని రేకులు, ఆకు ఏ పక్కకి వాలింది, అంచున గీత ఒకటా రెండా, అన్నీ. టీసెట్టు ధర 180 రూపాయలు. నాన్న జీతం చెప్పను గానీ, మా ఇంటి అద్దె అందులో సగం కూడా లేదు.

చూడటం అయిపోయింది. ఇక్కడే అసలు చిక్కు. ముగ్గురం వెళ్ళి ముప్పావుగంట చూసి ఉత్త చేతులతో బయటికొస్తే దొంగల్లా ఉంటుందని నాన్న భయం. అందుకని ఆ మహాభవనంలో అన్నిటికంటే చౌక వస్తువు కోసం వెతకడం మొదలుపెట్టాం. దానికే ఇంకో అరగంట పట్టింది. చివరికి స్టేషనరీలో ఒక రబ్బరు దొరికింది, పెన్సిలు గీతలు చెరిపేది. ఆ ఒక్క రబ్బరుకీ కార్బన్ పెట్టి బిల్లు రాశారు. డబ్బులు ఇంకో చోట కట్టాం. అక్కడ ముద్ర వేశారు. ఆ బిల్లు పట్టుకుని మూడో చోటికి వెళితే గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, "థ్యాంక్యూ సార్" అని ఇచ్చారు. నాన్నని సార్ అన్నవాణ్ణి నేను చూడటం అదే మొదలు. ఆ రబ్బరుతో నేనెప్పుడూ ఏదీ చెరపలేదు.

బయటికొచ్చి పేవ్‌మెంటు పక్క గోడ మీద షూటింగు కాల్‌షీటు కాగితం తిరగేసి పరిచి, ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెబుతుంటే నా స్నేహితుడు బొమ్మ వేశాడు. రేకులు అయిదా ఆరా అని వాడికీ నాన్నకీ వాదన. వాడే గెలిచాడు.

అక్కణ్ణుంచి ఇంకో బస్సు, సెంట్రల్ స్టేషన్ పక్కకి. అమ్మానాన్నలు తప్ప మూర్ మార్కెట్లో దొరకనిది లేదని మద్రాసులో సామెత. ఎర్ర ఇటుకల కట్టడం, మధ్యలో ఖాళీ జాగా, చుట్టూ వసారాలు, కార్పొరేషన్ ప్రెసిడెంటు జార్జి మూర్ పేరు మీద 1900లో తెరిచినది. పక్కనే పీపుల్స్ పార్కులో జూ. చిలకల అరుపులు జూలోంచి వస్తున్నాయా, మార్కెట్లో పంజరాల్లోంచి వస్తున్నాయా తెలిసేది కాదు. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, రంగుచేపలు, తుప్పు కత్తులు, ఎవరి తాతవో తెలియని ఫొటోలు. మీలో చాలామంది పై క్లాసు పుస్తకాలు సగం ధరకి కొనుక్కున్నది అక్కడే.

స్పెన్సర్లో నోరు పెగలని నాన్న ఇక్కడ వేరే మనిషి. గొంతు లేచింది, అరవం ఏరులా పారింది. ఆయన పద్ధతి ఏమిటంటే కావలసినదాని వంక చూడనే చూడడు. ముందు ఒక లాంతరు బేరమాడాడు. దాన్ని తిట్టి పక్కన పెట్టాడు. పోతూ పోతూ, ఏదో దయతలచినట్టు "ఇదేమిటి?" అని టీసెట్టుని వేలితో చూపించాడు. అరవై అన్నాడు కొట్టువాడు. నాన్న పన్నెండు అన్నాడు. రెండుసార్లు వెళ్ళిపోయాం, రెండుసార్లు వెనక్కి పిలిచాడు. మూడోసారి పిలవలేదు. మేమే సిగ్గులేకుండా తిరిగి వెళ్ళాం. ఇరవైరెండుకి తెగింది.

కొనేముందు ఒక్కో కప్పునీ వేలి కణుపుతో కొట్టి చూశాడు. టంగుమంటే మంచిది, టక్కుమంటే బీట. రెండు కప్పులు టక్కుమన్నాయి, అయినా తీసుకున్నాడు. "కెమేరాకి ఒక పక్కే కనబడుతుందిరా" అన్నాడు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో అయితే పువ్వు ఏ రంగుదైనా గొడవ లేదనీ, ఈ కలర్ వచ్చాక నీలం నీలంగానే ఉండాల్సి వస్తోందనీ బస్సంతా గొణుగుతూనే ఉన్నాడు. మేం కొన్నదాని మీది పువ్వుకి అయిదు రేకులే ఉన్నాయి. నా స్నేహితుడు ఇంటికెళ్ళేదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

సినిమా ఆడలేదు. టీ సీను ఎడిటింగులో సగం పోయింది. కప్పు ఒక్క క్షణం కనిపిస్తుంది, అదీ బీట లేని పక్క.

ఆ టీసెట్టే తర్వాత మన వార్షికోత్సవ నాటకంలోకి వచ్చింది. రెండురోజులకని కంపెనీ స్టోరులోంచి నాన్న అరువు తెచ్చాడు. నాటకం బాగా జరిగింది. చప్పట్లూ వచ్చాయి. తెర దించాక చూస్తే కప్పులున్నాయి, సాసర్లున్నాయి, టీపాట్ ఉంది, మూత లేదు. నౌకరు వేషం వేసినవాడు తనకి తెలియదంటాడు. అత్తగారి వేషం వేసినావిడ అసలు ముట్టుకోలేదంటుంది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. జీతంలోంచి డబ్బు కట్టి, కంపెనీకి పనికిరాని ఆ మూతలేని టీపాట్‌ని తెచ్చి బడికి ఇచ్చేశాడు.

స్పెన్సర్ పాత భవనం ఎనభైల మొదట్లో మంటల్లో పోయింది. మూర్ మార్కెట్ 1985 మే 30న కాలిపోయింది. అప్పటికి సినిమా హైదరాబాదుకి తరలిపోతోంది. నేనూ ఉద్యోగానికి అక్కడికే వెళ్ళిపోయాను. నాన్న మద్రాసులోనే ఉండి ఇన్‌లాండ్ లెటరు రాశాడు. మార్కెట్టు తగలబడిన సంగతి ఒక్క వాక్యం. మిగతా ఉత్తరమంతా అక్కడ ఏ వరసలో ఏ కొట్టు, ఏ కొట్టులో ఏం దొరికేది అని. ఆ జాగాలో ఇప్పుడు రైల్వేవాళ్ళ కట్టడం ఉంది. లోకల్ రైళ్ళ స్టేషన్‌ని నేటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అంటారు.

తొంభైల్లో, పాత స్పెన్సర్ కాలిన చోటే కట్టిన స్పెన్సర్ ప్లాజాకి మా ఆవిడనీ అమ్మాయినీ తీసుకెళ్ళాను. ఏసీ, ఎస్కలేటరు, వరసగా చిన్న చిన్న కొట్లు. ఒక కొట్టులో శాలువా ధర చెప్పాడో లేదో మా ఆవిడ సగానికి అడిగింది, వాడు ఒప్పుకున్నాడు. స్పెన్సర్‌లో బేరమాడామని చెబితే నాన్న నమ్మలేదు. "అది స్పెన్సర్ కాదులే, పక్కది అయ్యుంటుంది" అన్నాడు.

కిందటేడు కలుసుకున్నప్పుడు మీరంతా ఫొటోలు దిగుతుంటే నేను ఆఫీసు గదిలోకి వెళ్ళి చూశాను. బీరువా మీద టీపాట్ ఇంకా ఉంది. అందులో సుద్దముక్కలు వేస్తున్నారు. వేలి కణుపుతో కొట్టి చూశాను, టంగుమంది. దాని మూత తెల్లది, అంచున ఒకటే నీలంగీత, బొడిపె దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. ఎవరింట్లోనైనా, ఏ పాత పెట్టె అడుగునైనా ఉంటే, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురండి. నౌకరు వేషం వేసినవాణ్ణి ప్రత్యేకంగా అడుగుతున్నాను.