పది గజాల గొలుసు

ఏడెనిమిదేళ్ల కిందటి సంక్రాంతికి డల్లాస్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. వాళ్ల పగలు మనకి రాత్రి కదా, వాడికి నిద్ర పట్టేది కాదు. తెల్లవారుజామున మూడింటికే లేచి ల్యాప్‌టాప్‌లో అమెరికా ఫుట్‌బాల్ పెట్టుకునేవాడు. నాకు పొలాల మీద తిరిగిన అలవాటు, నాలుగింటికే మెలకువ వస్తుంది. పక్కన కూర్చుని చూసేవాణ్ని. పేరుకు ఫుట్‌బాలే, కాలితో తన్నేది ఎప్పుడో ఓసారి. హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకోవడం, కుప్పగా పడటం, లేచి మళ్లీ బారులు తీరడం. మా ఆవిడ కాఫీ ఇస్తూ "పొద్దున్నే ఈ కుమ్ములాటేమిటి" అనేసి వెళ్లిపోయింది. నాకూ అలాగే అనిపించింది, గొలుసు వచ్చేదాకా.

మైదానం అంచు నుంచి రెండు కర్రలు పట్టుకుని మనుషులు పరిగెత్తుకొచ్చారు. కర్రల మధ్య గొలుసు. ఒకడు కర్ర ఆనించి నిలబడ్డాడు, రెండోవాడు బిగించి లాగాడు. బంతి ముక్కు ఆ కర్రని దాటిందా లేదా అని జనం అంతా మెడలు సాచి చూస్తున్నారు.

"ఏవిట్రా ఇది?"

"కొలుస్తున్నారు మావయ్యా."

నేను పర్లాకిమిడి చుట్టుపక్కల 31 ఏళ్లు అమీను పని, అంటే భూములు కొలిచే పని, చేసినవాణ్ని. ఇంక ఆ ఆట వదల్లేదు.

నియమం ఇది: నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే ఇంకో నాలుగు. పోకపోతే బంతి అవతలివాళ్లకి. ఇది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలిశాక నవ్వొచ్చింది. 1881లో యేల్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడాయి. బంతి చేతికొస్తే వదలక్కర్లేదు అప్పట్లో. సగం ఆటంతా ప్రిన్స్‌టన్ వాళ్లు బంతి పట్టుకుని కూర్చున్నారు, మిగతా సగం యేల్ వాళ్లు కూర్చున్నారు. సున్నా సున్నా. తాను దున్నడు, ఒకరికి కౌలుకివ్వడు, అలాంటి ఆసామి మా వైపు ఊరికొకడైనా ఉంటాడు. మరుసటి ఏడు వాల్టర్ క్యాంప్ అనే ఆయన మూడు ప్రయత్నాల్లో 5 గజాలు కదలాలని నియమం తెచ్చాడు. కొలవాలి కాబట్టి మైదానం మీద అడ్డగీతలు పడ్డాయి. 10 గజాలు 1906లో, నాలుగో ప్రయత్నం 1912లో వచ్చాయి.

(అలవాటు చొప్పున లెక్కేశాను. రెండు చివర్ల గోల్ భాగాలతో కలిపి ఆ మైదానం 360 అడుగులు, 160 అడుగులు. అంటే ఎకరం 32 సెంట్లు. పక్కనే పాతపట్నంలో అడిగితే సెంట్లంటారు, 1936 నుంచి ఒడిశాలో ఉన్న మా ఊళ్లో డిసిమిల్ అంటారు. రెండూ ఒకటే.)

అసలు చిత్రం ఇంకోటి ఉంది. గొలుసు అంగుళం తేడా కూడా పట్టేస్తుంది, సరే. కానీ ఆ బంతిని అక్కడ పెట్టిందెవరు? ఆటగాడు మనుషుల కుప్ప కింద ఎక్కడ ఆగాడో కంటితో అంచనా వేసి, పరిగెత్తుకొచ్చిన రిఫరీ పెట్టాడు. అంచనాగా పెట్టి, దాన్ని అంగుళాల్లో కొలుస్తారు! అయినా గొలుసు లాగాక ఓడినవాడు కూడా తల దించుకుని వెళ్లిపోతాడు.

మేనల్లుడు దీనికి పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఊళ్లో అన్నదమ్ముల గట్టు తగాదా. రెండేళ్లుగా మాటల్లేవు. నక్షా విప్పి, మూల రాయి దగ్గర చైన్‌మన్‌ని నిలబెట్టాను. రాయి ఒరిగి ఉంది. నాగలి తగిలిందో, ఎవరైనా జరిపారో. ఇంకో రాయి నుంచి సరిచూసుకోవాలంటే చెరువు అవతలికి పోవాలి, మధ్యాహ్నం ఎండ. ఇక్కడుండేదిలే అనుకుని కంటి అంచనాతో మడమ నొక్కి గుర్తు పెట్టాను. అక్కణ్నుంచి మాత్రం ఎంత నిష్ఠగా లాగించానో! లింకు లింకూ సరిచూశాను. జానెడు తమ్ముడి వైపు తేలింది. అన్న కాసేపు గొలుసుని చూసి, "కొలిచాక ఇంకేముంది బాబూ" అన్నాడు. ఆ పూట ఇద్దరూ కలిసి నాకు భోజనం పెట్టారు.

2025 సీజన్ నుంచి అమెరికాలో ఈ ఆట పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గొలుసు బదులు కెమెరాలతో కొలుస్తున్నారట. బంతిని పెట్టడం మాత్రం ఇంకా రిఫరీ కంటితోనే. ఆ సంగతి మేనల్లుడు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ రోజు అటక మీంచి నా పాత గొలుసు దించాను. 66 అడుగులది, వంద లింకులు, పదికొకటి ఇత్తడి బిళ్ల. వరండాలో సగం సగంగా పరిచి స్టీలు టేపు పెట్టి చూస్తే అంగుళంన్నర ఎక్కువ వచ్చింది. లాగి లాగి సాగిపోయింది. ఏ ఏట నుంచి సాగడం మొదలైందో మరి.